కిందికి జారిన కన్ను

నేను ఒక ముసుగును. క్రిస్మస్ తాత ముసుగును. ఎర్రటి బుగ్గలు, తెల్లటి గడ్డం, నోరారా నవ్వు. నాకు కోపం వచ్చిందంటే ఎవరూ నమ్మరు. నవ్వు నా ముఖం మీద రంగుతో వేసి ఉంది, దాన్ని తుడుచుకోవడం నా చేతిలో లేదు. లోపల మాత్రం మండిపోతున్నాను.

నరసాపురంలో పడవలకు రంగులు వేసే ఇశ్రాయేలు, లేసు అల్లే అతని భార్య సువార్తమ్మ కలిసి నన్ను చేశారు. బంకమట్టి అచ్చు మీద పాత పేపరు ముక్కలు, చింతగింజల జిగురు, మళ్లీ పేపరు, మళ్లీ జిగురు. అలా తొమ్మిది పొరలు. గడ్డం సువార్తమ్మ లేసు పనిలో మిగిలిన తెల్లదారం. కళ్లకు రంధ్రాలు పెట్టే సమయానికి ఇశ్రాయేలు నన్ను ఇంకా తడిగా ఉండగానే తన ముఖానికి పెట్టుకున్నాడు. సువార్తమ్మ పైనుంచి వేళ్లతో తడిమి, అతని కళ్లు ఎక్కడున్నాయో చూసుకుని బొగ్గుతో గుర్తులు పెట్టింది.

ఇశ్రాయేలుకు చిన్నప్పుడు పడవ తెడ్డు తగిలి ఎడమ చెంప ఎముక లోపలికి పోయింది. ఆ కన్ను రెండోదానికంటే అర అంగుళం కిందికి ఉండేది. పెళ్లయి పదేళ్లు గడిచిన సువార్తమ్మకు ఆ సంగతి గుర్తే లేదు. భర్త కళ్లు ఎక్కడున్నాయో అక్కడే కోసింది. కోసి, ఆరబెట్టి, రంగు వేసి, మేకుకు తగిలించాక చూసుకుని నాలుక కరుచుకుంది.

"ఏవండీ, కన్ను జారిపోయిందండీ."

"జారలేదే. నాకెక్కడుందో దానికీ అక్కడే ఉంది. పాపం, దాన్నేమీ అనకు," అన్నాడు ఇశ్రాయేలు.

ఆ డిసెంబరులో నన్ను చర్చి వాళ్లు పాటలకు తీసుకెళ్లారు. ఇల్లిల్లూ తిరుగుతూ పాడేటప్పుడు నన్ను కట్టుకున్న మనిషి పిల్లలకు చాక్లెట్లు ఇవ్వాలి. అయితే నా రెండు రంధ్రాల్లోంచి మామూలు మనిషి ఎవడూ చూడలేడు. కుడికంటికి దారి దొరుకుతుంది, ఎడమకంటికి కాగితం అడ్డు. అందుకని కోడి చూసినట్టు తల పక్కకు వాల్చి ఒంటికంటితో చూడాలి. నవ్వుతున్న తాత తల వాల్చి గుమ్మంలో నిలబడి మౌనంగా చూస్తుంటే పిల్లలు చాక్లెట్లు పారేసి ఇళ్లలోకి పరిగెత్తారు. మూడో వీధిలోనే పాస్టరుగారు నన్ను విప్పించి వెనక్కి పంపేశారు.

సినిమా తీయడానికి ఊరొచ్చిన గోపాలంగారు మేకుకున్న నన్ను చూసింది ఆ వారంలోనే. ఆయన దగ్గర డబ్బు లేదు, పేరున్న నటులు లేరు. నన్ను చూసి చాలాసేపు ఆయన కూడా తల వాల్చి నిలబడ్డారు. అలా పుట్టింది 'గడపలో తాత' అనే భయం సినిమా. పాటలవాళ్లు వచ్చి పాడి వెళ్లిపోతారు. ఒక్క తాత మాత్రం గడపలో మిగిలిపోతాడు. అంతే కథ. ముసుగు వెనక హంతకుడెవరో చివరికి కూడా చెప్పలేదు. నన్ను ఒక్కసారి కూడా విప్పలేదు. నెత్తురు మొత్తం కలిపి ఒక గిన్నెడు. సినిమా వచ్చిన ఏడాది జనం క్రిస్మస్ పాటలవాళ్లకు తలుపులు తీయడం మానేశారు. పాస్టరుగారు ఇశ్రాయేలును పిలిచి, "తాత చేత హత్యలు చేయిస్తావా?" అని మందలించారు. మందలించాక గొంతు తగ్గించి, "ఆఖర్న ఎవరో నాకొక్కడికే చెప్పవయ్యా," అన్నారు.

తెర మీది పేర్లలో 'ముసుగు: ఇశ్రాయేలు' అని పడింది. భార్య పేరు కూడా వేయించనందుకు అతను బతికినన్నాళ్లూ నొచ్చుకున్నాడు. సువార్తమ్మ నొచ్చుకోలేదు. ఆమెకు అప్పటికి చదువు రాదు. తెర మీద ఎవరి పేరున్నా ఆమెకు చీమలబారే.

ఇశ్రాయేలు పోయాక నన్ను మేకు మీదనుంచి దించలేదు. ఇంట్లో అతని ఫొటో ఒక్కటే ఉంది. అది తీసినవాడు ముచ్చటపడి రెండు కళ్లూ సమానంగా దిద్దేశాడు. అందుకని సువార్తమ్మ ఫొటోకేసి చూసేది కాదు, నాకేసి చూసేది. యాభై ఎనిమిదో ఏట వీధి చివరి బడిలో పెద్దవాళ్లకు సాయంత్రం పాఠాలు చెబుతుంటే పలక పట్టుకుని వెళ్లింది. నా ఎదుట కూర్చుని 'ఇ' దిద్దింది. ఆ ఒక్క అక్షరం వంపు రావడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది.

రిత్విక్ అనే కొత్త డైరెక్టరు కారు దిగింది ఆ తర్వాతే. 'గడపలో తాత'ను మళ్లీ తీస్తున్నాడట. చిన్నప్పుడు ఆ సినిమా చూసి మంచం కింద దూరాడట. నన్ను చూసి దండం పెట్టాడు. నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు.

"ముసుగు ఇస్తానండి బాబూ. రెండు మాటలు. మొహం మార్చకూడదు. మా ఇద్దరి పేర్లూ పడాలి," అంది సువార్తమ్మ.

"తప్పకుండా అమ్మా. రాసిస్తాను."

రాసిచ్చాడు. ఆమె వేలు పెట్టి ఒక్కో అక్షరం పైకి చదివింది. అతను కారు తాళాలు ఆడిస్తూ నిలబడ్డాడు. ఆ కాగితం కంటే ఆమెకు అసలు సంగతి వేరే ఉంది. తెర మీద ఇరవై అడుగుల ఎత్తున ఇశ్రాయేలు చూపును మళ్లీ చూడాలి. దాని పక్కన ఇద్దరి పేర్లనూ తానే చదువుకోవాలి.

హైదరాబాదులో నన్ను తిప్పే బల్ల మీద పెట్టి, చుట్టూ లైట్లు వేసి, నలువైపులా కొలతలు తీసుకున్నారు. పదిహేను రోజుల్లో దూది చుట్టి వెనక్కి పంపేశారు. నాతో పని అయిపోయిందన్నారు. అదేమిటో, సినిమా ఇంకా మొదలే కాలేదు కదా అనుకున్నాను.

విడుదల రోజు సువార్తమ్మ నన్ను గుడ్డ సంచిలో పెట్టుకుని, పక్కింటి ఎస్తేరును వెంటబెట్టుకుని, భీమవరం బస్సెక్కింది. హాల్లో సంచి మూతి విప్పి నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "చూడండి," అంది. నాతో కాదని నాకు తెలుసు.

చూశాను. ఆ పూట కోపానికి నా కాగితం నిప్పంటుకోకపోవడం ఆ హాలువాళ్ల అదృష్టం.

అది రబ్బరు ముఖం. గడ్డం బొమ్మల జుట్టులా మెరుస్తోంది. రెండు కళ్లూ స్కేలు పెట్టి గీసినట్టు సమానంగా ఉన్నాయి. వాడు తల వాల్చడు. వాల్చాల్సిన అవసరం వాడికేముంది, శుభ్రంగా కనబడుతుంటే. చకచకా నడిచొస్తాడు, పొడుస్తాడు, పోతాడు. ఇరవై నిమిషాలు కాకుండానే నన్ను, అంటే ఆ రబ్బరును, పీకి పారేశాడు. హీరో ముఖం దాచి ఉంచితే టిక్కెట్లు తెగవట. అక్కడినుంచి చిన్నప్పుడు వాడికి ఎవరో కేకు పెట్టలేదని అరగంట కథ. ఇంటర్వెల్‌కు ముందు అదే కత్తితో డాన్సు. నెత్తురు బిందెలకొద్దీ పారింది. ముందు వరసలో ఒకడు ఫోను చూసుకుంటూ పకోడీ తిన్నాడు. హత్య జరుగుతుంటే పకోడీ తినగలిగాడు. నాకు అంతకంటే అవమానం ఏముంటుంది.

"వదినా, మా ఆయన గురక పెడితే ఇంతకన్నా భయమేస్తదే," అంది ఎస్తేరు.

సినిమా అయిపోయింది, జనం లేచి వెళ్లిపోయారు, చీపుళ్లవాళ్లు వచ్చారు. పేర్లు పైకి పాకుతున్నాయి. సువార్తమ్మ పెదవులు కదుపుతూ ఒక్కో వరస చదువుతోంది. చిట్టచివర వచ్చింది. 'ముసుగు రూపకల్పన: సువార్తమ్మ, ఇశ్రాయేలు'. తప్పు లేకుండా, చక్కగా వేశారు.

బతుకులో మొదటిసారి తమ పేర్లను పక్కపక్కనే చదువుకుంది. అవి ఎవడో దిద్దిన ముఖానికి తగిలించి ఉన్నాయి. నా అంచును పట్టుకున్న ఆమె వేళ్లు ఎంత బిగిశాయంటే నా చెవి దగ్గర ఒక పొర చిట్లింది.

మూడు వారాలకు రిత్విక్ పళ్లబుట్టతో వచ్చి, సువార్తమ్మ ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. సినిమా పోయింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఏం తక్కువైందో అర్థం కావట్లేదమ్మా. నలభై మంది కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఎవడూ భయపడలేదు. రెండో భాగమైనా మీరు దగ్గరుండి..."

"కన్నెందుకు దిద్దారు బాబూ?"

"వంకరగా ఉంది కదమ్మా. మావాళ్లు సరిచేశారు. అందంగా రాలేదూ?"

"అందానికా ఇచ్చాను నేను?"

ఆమె మెత్తగానే అంది. లేచి లోపలికి వచ్చింది. నన్ను మేకు మీదనుంచి తీసి, ముప్పై ఏడేళ్లలో మొదటిసారి తన ముఖానికి కట్టుకుంది. ఆమె ఊపిరి వేడిగా నా లోపలి పొరకు తగిలింది. కుడికంటికి దారి దొరికింది, ఎడమకంటికి దొరకలేదు. గడపలోకి వెళ్లి నిలబడి, అతన్ని చూడటానికి మెల్లగా తల పక్కకు వాల్చింది.

పట్టపగలు. వీధిలో ఐస్‌బండి గంట మోగుతోంది. రిత్విక్ చేతిలోని గ్లాసు జారింది. వెనక్కి వెనక్కి జరిగి, అరుగు అంచు చూసుకోక, కింద కోళ్లగంప మీద కూలబడ్డాడు.

సువార్తమ్మ కదలలేదు. అతనికి నవ్వు రావాలి, రాలేదు. లేవాలి, లేవలేదు. అప్పుడు నా వెనకనుంచి ఆమె అంది:

"ఇదీ బాబూ తక్కువైంది. ఇది మా ఆయన చూపు. మీకు వంకరగా కనబడింది."

అతను లేచి దుమ్ము దులుపుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

"ఈ సినిమా ఫోనుల్లోకి వచ్చేటప్పటికి మా పేర్లు తీసెయ్యండి."

"పేరు కోసమే కదమ్మా మీరు నన్ను రాసిమ్మన్నది?"

"అవును, పేరు కోసమే. అందుకే తీసెయ్యమంటున్నాను. ఇదీ రాసివ్వండి."

రాసిచ్చాడు. ఈసారి ఆమె చదువుతుంటే తాళాలు ఆడించలేదు. ఆమె వేలు కాగితం చివరిదాకా వెళ్లేవరకు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెళుతూ వెళుతూ ఆగి, గడపకేసి వెనక్కి చూశాడు. తల కొంచెం పక్కకు వాలింది, అతనికి తెలియకుండానే.

సువార్తమ్మ నన్ను తిరిగి మేకుకు తగిలించింది. చిట్లిన చెవికి చింతగింజల జిగురు రాసి కొత్త పేపరు ముక్క అతికించింది. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఆ రబ్బరువాడు ఇంకా ఏ ఫోనుల్లోనో సమానమైన కళ్లతో తిరుగుతూనే ఉంటాడు. అయితే పొద్దున్నే లేసు బుట్ట పట్టుకుని నా ముందునుంచి వెళుతూ సువార్తమ్మ ఆగుతుంది. నా రెండు కళ్లలోకీ సూటిగా చూడాలంటే తల వాల్చాలి కదా, వాల్చి చూస్తుంది. ఆమె నాకేసి అలా చూస్తే మాత్రం ఎవరికీ భయం వేయదు.