కర్పూరం చెక్క ఇల్లు

మా అమ్మాయి పెయ్‌జెన్ పెంచుకునే ఊసరవెల్లికి ఇల్లు చూడటం నా ప్రాణం మీదికి వచ్చింది. దాని పేరు పచ్చిమిరప. మా ఊరు జ్యాయీ బజారులో అద్దాల పెట్టె చవకే గానీ, అందులో దానికి గాలాడదు. జాలీ పంజరంలో దానికి గాలాడుతుంది, ధర వింటే నాకు ఆడదు. ఆరు వేలట. ఆ జాలీకి జాలి లేదు.

అప్పుడు మా అమ్మ కొట్టు గదిలోని పాత వంటింటి అలమర చూపించింది. తన పెళ్లినాటిది. కర్పూరం చెక్క, తలుపులకు సన్నని జాలీ. ఫ్రిజ్ రాకముందు మా ఇంటి తిండంతా అందులోనే ఉండేది.

"ఒరే ఆ-సుయ్, డబ్బు తగలేయడం ఎందుకురా? నలభై ఏళ్లలో ఇందులోకి ఒక్క బొద్దింక దూరలేదు."

"దూరితే మంచిదేగా అమ్మా, పచ్చిమిరపకి వేరే వంట తప్పేది."

"నోరు మూసుకుని మొయ్యి."

మోశాను. కొమ్మలు కట్టి, వెచ్చదనానికి బల్బు పెట్టాను. పెయ్‌జెన్ తల లోపల పెట్టి వెంటనే తీసేసింది.

"ఘాటుగా ఉంది నాన్నా."

"పురుగు పట్టని ఇల్లు ఎంతమందికి దొరుకుతుందే?"

మర్నాడు దాని తిండికని లోపల వదిలిన కీచురాళ్లన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. కొట్టువాడు చచ్చు సరుకు అంటగట్టాడని తిట్టుకుని వేరేవి తెచ్చాను. అవీ పడ్డాయి. పచ్చిమిరప తిండికి లేవలేదు. నాలుగో రోజు పట్టపగలు కూడా కళ్లు తెరవకుండా పడుకుంది.

పట్టుకెళితే పశువుల డాక్టరు దాన్ని చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీన్ని ఎక్కడ ఉంచారు?"

చెప్పాను. ఆమె దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది.

"ఆ చెక్క పురుగుల్ని రానివ్వదని మనం మురిసిపోతాం. తలుపు మూసి బల్బు పెడితే కర్పూరం ఆవిరి ఇంకా ఎక్కువ. నాలుగు రోజులుగా ఇది పీల్చింది అదే."

సాయంత్రానికి పచ్చిమిరప పెయ్‌జెన్ అరచేతిలోనే చల్లబడింది.

అన్నాల దగ్గర అమ్మ సణిగింది. "పిల్ల దానికి సరిగ్గా తిండి పెట్టి ఉండదు."

"పెట్టింది" అన్నాను. డాక్టరు చెప్పిందంతా మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఘాటు అన్న మాట విని కూడా తలుపు వేసింది నేనేనని చెప్పాను. అలవాటు కొద్దీ ఏదో చమత్కారం నాలుక దాకా వచ్చింది.

"నవ్వించకు నాన్నా" అంది పెయ్‌జెన్.

అమ్మ గిన్నె కింద పెట్టింది. "నీ పాలసీసా కూడా అందులోనే పెట్టేదాన్నిరా."

"నాన్న బతికే ఉన్నాడుగా, ఆమా" అంది పెయ్‌జెన్ నానమ్మతో. ఓదార్చడానికి అన్నట్టు లేదు.