డ్రమ్ము ఆగినప్పుడు

ఆర్మూరు పసుపు కళ్లంలో కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము తిరుగుతుంటే పక్కమనిషి మాట కూడా వినబడదు. అందుకే దీవెన రోజూ ఆ హోరులోనే యేసయ్యతో గొంతెత్తి కబుర్లాడేది.

"యేసయ్యా, మా అత్త కూర మస్తుగున్నదని రోజు అబద్ధమాడుతున్న, జర మాఫ్ జెయ్యి! అండ్ల ఉప్పే ఉండది!"

చివరి మాట దగ్గర కరెంటు పోయి డ్రమ్ము ఆగింది. "ఉప్పే ఉండది" అన్నది కళ్లమంతా మోగింది. కూలీలు పడిపడి నవ్వారు. దీవెన మొహం కొంగులో దాచుకుంది.

అక్కడే పసుపు చెరుగుతున్న అత్త నీలవ్వకు ఆదివారం చర్చిలో ముసుగేసుకుని, కళ్లు మూసుకుని చేసేదే ప్రార్థన. ఇప్పుడు చేతిలోని చేట పడేసి, నడుం మీద చేతులు పెట్టి, తలెత్తి ఆకాశంలోకి చూసింది.

"యేసయ్యా, నాకు బీపీ ఉన్నదని ఉప్పు డబ్బ దాచిపెట్టింది గీ పిల్లనే! గది గూడ చెప్పిందా నీకు?"