బోణీ నవ్వు

పరమేశ్వర్ లెక్కలో మనుషులు రెండే రకాలు: కొనేవాళ్లు, చూసిపోయేవాళ్లు. ఆల్థాన్‌లోని గుజరాతీ బజారులో ఉన్న తన బట్టల దుకాణం మెట్టెక్కిన ఆడమనిషి ఏ రకమో కళ్లు చూసి చెప్పేస్తాడు. అతని కూతురు నీరజకు ఆ విద్య అబ్బలేదు. పుట్టుకతోనే బుద్ధి నెమ్మది. పద్దెనిమిదేళ్లు నిండినా ఎదుటివాళ్లు సంతోషిస్తున్నారో విసుక్కుంటున్నారో పోల్చుకోలేకపోయేది. కొత్తవాళ్లు పలకరిస్తే గోడవైపు తిరిగేది.

ఇంట్లోనే ఉంచితే పిల్ల పాత సరుకులా ముక్కిపోతుందని అతనే దుకాణానికి తెచ్చాడు. వ్యాపారి కనుక వ్యాపారి పద్ధతిలోనే నేర్పాడు. పొద్దున మొదటి బేరం, బోణీ, చెడకూడదన్నది అతని పట్టింపు. ఆ బోణీనే కూతురి చేతిలో పెట్టాడు. అక్కడి గుజరాతీలో ఆడవాళ్లను 'బెన్', అంటే అక్కా, అని పిలవడం కూడా నేర్పాడు.

"బిడ్డా, బోణీకొచ్చిన బెన్‌కు నీళ్లియ్యాలె. 'ఆవో బెన్' అనాలె. ఆమె మూతి దిక్కు చూడు. నవ్విందా, బోణీ మంచిగైనట్టు. నవ్వేదాంక ఇడ్సిపెట్టకు."

"నవ్వకుంటే, బాపూ?"

"ఎందుకు నవ్వదే? నువ్వు నవ్వితే ఆమె నవ్వుతది."

ఏళ్లు పట్టింది గానీ, వచ్చింది. తాపి నది దాటి అవతలి అడాజన్ నుంచి వచ్చేవాళ్లు కూడా "మీ అమ్మాయి లేదా?" అని అడిగేవారు. "ఈ దుకాణం సేటు నువ్వు గాదు, నా బిడ్డ," అని భార్య భాగీరథి ఎకసెక్కమాడేది. తన జన్మలో ఇంత లాభం తెచ్చిన పెట్టుబడి ఇంకోటి లేదని పరమేశ్వర్ ఒప్పుకునేవాడు.

కరోనా వచ్చి బజారు మూతపడింది. మళ్లీ షట్టర్ ఎత్తిన పొద్దున, ముక్కూ నోరూ మాస్కుతో కప్పుకొని ఒక బెన్ వచ్చింది. నీరజ కూడా మాస్కు వెనక నుంచే "ఆవో బెన్" అంది. ఆమె నీళ్లు వద్దని చెయ్యూపింది. పరమేశ్వర్ తానులు దించుతున్నాడు. నీరజ ఆమెను ఈ పక్క నుంచి, ఆ పక్క నుంచి చూసింది. మూతి కనబడలేదు. ఆమె బట్ట కొనుక్కుని మెట్టు దిగబోతుంటే, నవ్వు చూడకపోతే బోణీ చెడుతుందన్న కంగారులో ఎదురెళ్లి ఆమె మాస్కు కిందికి లాగింది.

"అరే, షు కరే ఛే!" ఏం చేస్తున్నావని ఆమె గుజరాతీలో అరిచింది. "మా అత్త ఆస్పత్రిలో ఉంది. నన్నూ పంపిస్తావా? ఇట్లాంటి పిల్లను ఎందుకు కూర్చోబెట్టారు, భాయ్?"

ఆమె తప్పు లేదని అతనికి తెలుసు. నేర్పింది చేసిన పిల్ల తప్పూ లేదు. ఇద్దరి తప్పూ లేనప్పుడు నష్టం ఎవరి ఖాతాలో రాయాలో తోచక, అలవాటు కొద్దీ కొన్న మనిషి వైపు నిలబడ్డాడు. "మాఫ్ కరో బెన్," అని చేతులు జోడించి, కూతురి మీదికి గొంతెత్తాడు.

"దూరం జరుగు! ఎవల మాస్కు ముట్టొద్దు. ఎవల్ని ముట్టొద్దు!"

ఏళ్ల తరబడి నేర్పిన పాఠం ఒక పక్క, ఒక్క అరుపుతో వచ్చిన పాఠం ఒక పక్క. రెండోదే గట్టిగా అంటింది. ఆనాటి నుంచి నీరజ తానుల వెనక స్టూలు మీదే కూర్చునేది. ఎవరొచ్చినా లేచి గోడవైపు తిరిగేది.

"మూతి చూడుమని నేర్పినోనివి నువ్వే," అంది భాగీరథి. "ఇప్పుడు కండ్లు చూసుడు నేర్పు. నీకస్తది గద ఆ విద్య."

బేరాల్లేని ఒక మధ్యాహ్నం అతను కూతురి ఎదుట కూర్చున్నాడు. ఇద్దరికీ మాస్కులున్నాయి.

"నా కండ్లు చూడు బిడ్డా. నవ్వుతున్ననా, కోపంగున్ననా?"

"మూతి లేదు."

"మూతి అక్కెర లేదే. కండ్లు చిన్నగైతే నవ్వినట్టు. జర చూడు."

చాలాసేపు చూసింది. "తెల్వదు బాపూ."

"సరే, నువ్వు నవ్వు. నేను చెప్త."

నీరజ తలెత్తింది. ఎవరికి ఏ రంగు నచ్చిందో అడగకుండానే చెప్పగల మనిషికి, ఆ కళ్లలో ఏముందో అంతుపట్టలేదు.

"నవ్వుతున్నవ్," అన్నాడు ధైర్యం చేసి.

ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు చూశాడు, మాస్కు పై అంచు తడిసి ఉంది.

"ఏందే, ఏడుస్తున్నవా? ఏదీ, మొఖం చూడనియ్యి," అంటూ దాన్ని దించబోయాడు.

నీరజ చటుక్కున వెనక్కి వాలి, రెండు అరచేతులతో మాస్కును మూతికి అదుముకుంది.

"ముట్టొద్దు," అంది, అచ్చం అతని గొంతుతో. "దూరం జరుగు."

పరమేశ్వర్ జరిగాడు.