ట్రెవర్ ఎలా విన్నాడు

మాంసం కూరిన పైలు తినడానికి వచ్చాయన్న కబురూ, మాంచెస్టర్ నుంచి పిలుపొచ్చిన కబురూ సిరిల్ ఒకే గుక్కలో చెప్పాడు. అదీ, పైల సంగతే ముందు.

నెల్సన్ ఊళ్ళో నేతపనివాళ్ళ క్లబ్బుకి అతను కార్యదర్శి. ఆదివారం మధ్యాహ్నం మైకు అతని చేతిలోకి వెళ్ళిందంటే ఎంతటి పాటైనా ఆగాల్సిందే. ఆ రోజూ బ్యాండు పాట ముగించీ ముగించకముందే స్టేజి ఎక్కేశాడు.

"ఆర్డర్, ఆర్డర్. పైలు వేడిగా ఉన్నాయి, తోసుకోకుండా వరసలో రండి. ఇంకో మాట. ఇప్పుడే ఆఫీసు గదిలో ఫోను మోగింది. మంగళవారం మాంచెస్టర్ పెద్ద హాల్లో అసలు కచేరీకి ముందుగా వాయించాల్సిన బ్యాండులో పాడే అతనికి గొంతు పోయిందట. ఆ అరగంటా మన కుర్రాళ్ళు వాయిస్తారా అని అడిగారు. వాయిస్తారని నేనే చెప్పేశాను. బఠాణీలు కావలసినవాళ్ళు గిన్నెలు పట్టుకురండి."

బల్లల మీద గ్లాసులు దడదడలాడాయి. కౌంటరు దగ్గర రెండు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ లినెట్‌కి ఒక్క క్షణం కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆమెకి పెళ్ళయి మూడు వారాలు. ఈ మూడు వారాల్లో ఆమెకి ప్రతిదీ అపురూపమే. తమదే అయిన కెటిల్, తమదే అయిన తలుపు గొళ్ళెం, కిటికీ తెరిస్తే కనిపించే ఎదురింటి పొగగొట్టం కూడా. ఇప్పుడు మాంచెస్టర్ కూడా తమదే.

ఆ బ్యాండు మొదలై నాలుగేళ్ళు. పాడేది డెరిక్, మాంసం కొట్లో కత్తి పట్టే మనిషి. గిటారు ఒకడూ, బేస్ గిటారు ఒకడూ వాయించేది పోస్టాఫీసులో పనిచేసే కవలలు. డ్రమ్ములు లినెట్ మొగుడు ట్రెవర్. మొదట చర్చి వెనక గదిలో సాధన చేసేవాళ్ళు. పైకప్పు నుంచి పలక జారిపడిందని చర్చివాళ్ళు గెంటేశారు. తర్వాత ఒక ముసలాయన పావురాల షెడ్డు చూసుకున్నారు. పావురాలు ఎగిరిపోయి పక్కూరు బర్న్‌లీలో తేలేసరికి ఆయనా దండం పెట్టాడు. పేరు ఐరన్ షటిల్, అంటే ఇనుప నాడె. మగ్గం మీంచి ఎగిరిన నాడె తగిలి పళ్ళు రాలినవాళ్ళు ఇప్పటికీ తిరుగుతున్న ఊరు గనక ఆ పేరు విని ఎవరూ నవ్వలేదు.

వాళ్ళు వాయిస్తుంటే గ్లాసుల్లో బీరు వణికేది. ఇది పాటా, రొదా అని పక్క ఊళ్ళలో అన్నారు గానీ నెల్సన్‌లో అనలేదు. ముప్పై, నలభై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డ ఆడవాళ్ళకి అది పుట్టింటి చప్పుడు. దానికి రాగం కట్టవచ్చని మాత్రం ఆ కుర్రాళ్ళు వచ్చేదాకా ఎవరికీ తోచలేదు.

లినెట్ నవ్వుతూ స్టేజి వైపు చూసింది. డెరిక్, కవలలు ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. ట్రెవర్ మాత్రం డ్రమ్ముల వెనక, ముందు బల్లలవాళ్ళ పెదవులే చూస్తూ కదలకుండా కూర్చుని ఉన్నాడు. హాలంతా గోలగా ఉంది, పిలిస్తే వినపడదు. అందుకని ఆమె తామిద్దరూ పనిచేసే మిల్లులో, మగ్గాల షెడ్డులో మాట్లాడినట్టే గొంతు లేకుండా, పెదవులు బాగా కదిలించి అడిగింది. మగ్గాల హోరులో మాట చెవికి చేరదు. నేతవాళ్ళంతా అలా పెదవులతోనే మాట్లాడుకుంటారు. లినెట్, ట్రెవర్ ప్రేమలో పడింది కూడా నాలుగు మగ్గాల దూరం నుంచి అలాగే.

"ఏమైంది నీకు?"

"నేను వెళ్ళను," అన్నాయి ట్రెవర్ పెదవులు.

"పిచ్చా? ఎందుకెళ్ళవు?"

"వినిపించదు."

"ఏది?"

"ఏదీ. డెరిక్ గొంతు, గిటార్లు, ఏదీ. ఎక్కడో దూరాన ఉరిమినట్టుంటుంది, అంతే. ఏడాది దాటింది. నువ్వు పిలిచినా అంతే, ఎదురుగా ఉంటే తప్ప."

లినెట్ చేతిలో ప్లేటు ఒరిగి బఠాణీలు బూటు మీద పడ్డాయి. తను మాట్లాడినప్పుడల్లా అతను మొహంలోకే చూస్తాడనీ, చూపు తిప్పుకోడనీ స్నేహితురాళ్ళ దగ్గర ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకుంది.

"అయితే నన్ను అలా చూసేది మాటల కోసమా?"

ట్రెవర్ తల దించుకుని మళ్ళీ ఎత్తాడు. "మొదట్లో. తర్వాత తర్వాత ఊరికే కూడా."

అప్పుడు తెలిసింది లినెట్‌కి, హాలు నిశ్శబ్దంగా ఉందని. ఫోర్కులు గాల్లో ఆగిపోయాయి. తామిద్దరూ రహస్యం మాట్లాడుకుంటున్నామనుకున్నారు గానీ, ఊరందరికీ వచ్చిన భాషలో, అదీ నిండు హాల్లో మాట్లాడుకున్నారు. ముందు బల్ల దగ్గర బింగో కార్డులు పట్టుకున్న ఆరుగురు నేతగత్తెలూ ఒక్క మాట పొల్లుపోకుండా చదివేశారు. వాళ్ళలో ఒకావిడ ఎడ్నా, ట్రెవర్ తల్లి.

పెదవులు చదవడం రానిది డెరిక్‌కీ కవలలకే. వాళ్ళు షెడ్డులో అడుగు పెట్టి ఎరగరు.

"ఏంట్రా, అందరూ అలా చూస్తున్నారు? నా ప్యాంటు గాని చిరిగిందా?" అన్నాడు డెరిక్ వెనక్కి తడుముకుంటూ.

"నువ్వే చెప్పు నాయనా. ఇంక దాచేదేముంది?" అంది ఎడ్నా కొడుకుతో. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది గానీ చేతిలో బింగో కార్డు నలిగిపోయింది.

ట్రెవర్ ఈసారి గొంతుతో చెప్పాడు. డెరిక్ ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు.

"మరి మనం రికార్డు చేసినప్పుడు?"

"అప్పటికే పోయింది."

"అందులో ఒక్క దెబ్బ తప్పలేదు కదరా."

"తప్పకూడదు కదా."

డెరిక్ మైకు పక్కకు నెట్టి, జనానికి వీపు పెట్టి, డ్రమ్ములకి ఎదురుగా నిలబడ్డాడు. "వాయించు. నాలుగేళ్ళు నీ ముందు నిలబడి పాడాను గానీ నువ్వేం చేస్తున్నావో ఒక్కసారీ చూడలేదు."

సిరిల్ బింగో టైమయిందని నోరు తెరిచాడు. ఎడ్నా చూసిన చూపుకి మూసేశాడు.

వాళ్ళు మొదలుపెట్టారు. లినెట్ ఆ పాట వందసార్లు విన్నదే, చూడడం మాత్రం ఇదే మొదలు. పెద్ద కవల మోకాలు వంగేలోగా ట్రెవర్ కర్ర పైకి లేస్తోంది. డెరిక్ ఛాతీ ఊపిరితో నిండుతుంటే అది కళ్ళతో పట్టుకుంటున్నాడు. బేస్ వాయించే చిన్న కవల పెద్ద డ్రమ్ముకి తుంటి ఆనించి నిలబడితే, ఆ అదురు చెక్కలోంచి ట్రెవర్ పాదంలోకి ఎక్కుతోంది. ఇన్నాళ్ళూ కుర్రాడు బద్ధకంతో అలా ఒరుగుతాడనుకున్నారు అందరూ. లినెట్ ప్లేట్లు వదిలేసి దగ్గరికొచ్చి స్టేజి అంచు మీద అరచెయ్యి పెట్టింది. చెక్క లోపల ఏదో బతికి ఉన్నట్టు కొట్టుకుంటోంది. ఆ పోటు మోచేతి దాకా పాకింది, పక్కటెముకల్లో దిగింది. ఇంత పెద్ద హోరు మధ్యలో నిశ్శబ్దంగా కూర్చుని దాన్ని నడిపిస్తున్నవాడు తన మొగుడు. ఉదయం టోస్టు మాడ్చినవాడు.

పాట ఆగాక చప్పట్లు వెంటనే రాలేదు. బల్ల దగ్గరి ఒక ముసలావిడ మాత్రం చర్చిలోలాగా టోపీ సర్దుకుంది.

డెరిక్ మొహం ఎర్రగా ఉంది. "దేవుడి తోడు, నేనొక పంది తలకాయని. నాలుగేళ్ళూ గొప్ప నాదే అనుకున్నాను."

"ఇక్కడ సరే," అన్నాడు ట్రెవర్. "ఇక్కడ మీరంతా నా ఒళ్ళో నిలబడతారు. అక్కడ మనిషికీ మనిషికీ మధ్య క్రికెట్ ఆడుకోవచ్చు. పొగ వదులుతారు, కళ్ళలోకి దీపాలు కొడతారు. మోకాలు కనబడదు, అదురు అందదు. నేను తప్పితే అందరం తప్పుతాం. అక్రింగ్టన్ ఊళ్ళో ఉన్న ఆ డ్రమ్మరుని పిలవండి. వాడికి చెవులు రెండూ ఉన్నాయి."

"ఉన్నాయి. వాయించడమే రాదు," అన్నాడు పెద్ద కవల.

డెరిక్ కర్టెన్ వైపు చూస్తూ, "వీడు లేకుండా నేను వెళ్ళను. సిరిల్, ఫోను చేసి వద్దని చెప్పెయ్," అన్నాడు.

ఇన్నేళ్ళ ఎదురుచూపు ఒక్క ఫోనుతో పోతుంది. ట్రెవర్ దాన్ని జీవితాంతం తన మెడకే చుట్టుకుంటాడు. లినెట్ స్టేజి ఎక్కింది.

"మోకాలు ఎందుకు కనబడాలి? మొహం కనబడితే చాలదా? మొదలెట్టమని, ఆపమని, ఇంకోసారని డెరిక్ వెనక్కి తిరిగి పెదవులతో చెప్పొచ్చుగా. షెడ్డులో ఇరవై గజాల నుంచి నేను చెప్తే ఆయనకి అర్థమవదూ? డెరిక్ మర్చిపోతే నేను పక్కన కర్టెన్ దగ్గర నిలబడి చెప్తాను, పాటలన్నీ నాకు నోటికొచ్చు. మొహాల మీద మాత్రం ఒక దీపం ఉంచమనండి. పొగ వద్దనండి."

ట్రెవర్ ఆమె మాటలు చివరి దాకా చూశాడు. "వీళ్ళకి అలా మాట్లాడ్డం రాదే."

"నెల్సన్‌లో ఇంత పెద్ద నోరు ఇంకొకటి లేదు," అంది ఎడ్నా, డెరిక్‌ని ఎగాదిగా చూస్తూ. "అరవడానికి తప్ప దేనికీ వాడలేదు."

"ఒక్క రోజులో ఎలా వస్తుంది ఆంటీ?"

"నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక్క పూటలో వచ్చింది. రాకపోతే ఆకలేస్తోందని కూడా చెప్పుకోలేం. ఫోను చెయ్యి సిరిల్, దీపం సంగతి అడుగు."

సిరిల్ ఆఫీసు గదిలోకి వెళ్ళి, కాసేపటికి బొటనవేలు పైకెత్తుకుంటూ తిరిగొచ్చాడు. ట్రెవర్ కర్రలు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కరి మొహమే చూశాడు. చివరికి లినెట్ మొహం దగ్గర ఆగి తలూపాడు.

సిరిల్ అందుకునేలోపే ఎడ్నా మైకు తీసుకుంది. ఆ క్లబ్బులో ఆడమనిషి మైకు పట్టుకోవడం అదే మొదలు.

"రేపు పొద్దున ఈ ముగ్గురూ షెడ్డుకి వస్తున్నారు. గిటార్లు తేవద్దు. మేనేజరుతో నేను మాట్లాడతాను, ఆయన నా మాట తీసెయ్యడు. డెరిక్ నా మగ్గం దగ్గర, కవలలు లినెట్ దగ్గర నిలబడతారు. చెవుల్లో దూది పెట్టుకోండి. సాయంత్రం మగ్గాలు ఆగేలోపు గొంతు వాడకుండా ఒకణ్ణొకడు బూతులు తిట్టుకోగలిగితే, మంగళవారం వ్యాను ఎక్కుదురుగాని."