వదలడానికీ ఓపిక కావాలి

శవాగారంలో ఆడవాళ్ల శరీరాలను కడిగి బట్టలు తొడిగే ఆమెను అక్కడందరూ పెద్దక్క అంటారు. తోటి మనిషి సెలవు పెట్టడంతో మూడు రోజులుగా రెండు డ్యూటీలూ ఆమె నెత్తినే పడ్డాయి. పిక్కలు పీకేస్తున్నాయి. మధ్యాహ్నం కాస్త నడుం వాలుద్దామనుకుంటుండగా ఓ అమ్మాయి నీలం స్వెటర్ పట్టుకుని వచ్చింది.

తెల్లవారుజామున నిద్రలోనే పోయిన తల్లికి తొడగాలట. పై ఊరి నుంచి అన్న వచ్చేదాకా శరీరాన్ని ఇక్కడే ఉంచుతారట. తీరా చూస్తే తల్లి కుడిచెయ్యి కొయ్యబారి, పిడికిలి బిగుసుకుపోయి ఉంది. అమ్మాయి ఆ వేళ్లు విప్పబోయింది.

"ఆగమ్మా, బలవంతం చేయకు."

"రాత్రి అమ్మా నేనూ మాటా మాటా అనుకున్నామండీ. నా మీద కోపంతోనే పోయింది. చూడండి, పిడికిలి ఎలా బిగించిందో!"

పెద్దక్కకు నోరు విప్పే ఓపిక కూడా లేదు. అయినా ఆ మొహం చూసి ఊరుకోలేక స్టూలు లాక్కుని కూలబడింది.

"కోపం కాదు తల్లీ. మా డాక్టరుగారు చెప్పారు. ఒంట్లో ప్రతి కణంలో ఏటీపీ అని ఒకటుంటుందట. తిన్న తిండిలోని శక్తిని కణం అందులో దాచుకుంటుంది. పనిపడినప్పుడు దాన్ని విరిచి శక్తి బయటికి తీస్తుంది. విరిగినదాన్ని మళ్లీ అతికిస్తుంది. ఊపిరి ఉన్నంతకాలం అదే పని."

"దానికీ దీనికీ ఏంటండీ?"

"కండ బిగుసుకోవడానికే కాదు, పట్టు వదలడానికీ అది కావాలి. ఊపిరి ఆగాక కొత్తది తయారవదు. ఉన్నది కాస్తా అయిపోతే కండ ఎక్కడిదక్కడ పట్టేస్తుంది. ఇది అందరికీ అంతే."

"ఇక ఇలాగే ఉంటుందా?"

"లేదు. కండ దానంతటదే మెత్తబడుతుంది. ఎల్లుండి రా."

అమ్మాయి స్వెటర్ మడత పెట్టుకుని వెళ్లిపోయింది.

మూడో రోజు వచ్చేసరికి చెయ్యి వాలిపోయి ఉంది. వేళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. అమ్మాయి తల్లి అరచేతిని చాలాసేపు నిమిరింది.

"మొన్న చెప్పింది నిజమేనా? నన్ను ఓదార్చడానికి అల్లారా?"

"అబద్ధం అల్లేంత ఓపిక నాకెక్కడిదే పిచ్చిపిల్లా!"

అమ్మాయికి నవ్వొచ్చింది. ఆ వెంటనే, అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు కట్టలు తెంచుకుంది. పెద్దక్క ఆమెను ఏడవనిచ్చి, తల్లి చేతిని మెల్లగా స్వెటర్‌లోకి దూర్చి, పైనుంచి ఒక్కొక్క గుండీ పెట్టసాగింది.