తల లేని పిల్ల

అయినా ఒక టేకు చెక్క ఎంతసేపు మండుతుంది, మహా అయితే రాగి కాగులో నీళ్ళు మరిగేంతసేపు, ఆ మాత్రానికి బంగార్రాజు గారు నన్ను అడగడం దేనికి, అద్దకం షెడ్డు ఆయనది, అచ్చులు ఆయనవి, చెక్కింది మా ఆయనే అయినా పోయి నాలుగేళ్ళయింది, కొండమ్మా, ఎల్లుండి పొద్దున గుడ్డలు ఉడకబెడుతున్నాం, మూలనున్న పాత అచ్చులన్నీ పొయ్యిలోకే, మీ ధనరాజు చెక్కిన తల లేని పిల్ల కూడా అందులోనే ఉంది, ఏమంటావ్ అని నిన్న అడిగితే, నాదేముందండీ, పెట్టేయండి అన్నాను, అన్నాక బల్ల మీద గుడ్డకి అద్దుతుంటే చెయ్యి తప్పి గీత పక్కకి పడింది, ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ పడలేదు, ఇదుగో ఇప్పుడు బస్సు గుడివాడ దాటుతున్నా వేళ్ళు ఆ గీతనే తడుముతున్నాయి, కొత్త డిజైన్లు రావాలంటే కొత్తవి చూడాలని అద్దకం శిక్షణ కేంద్రం వాళ్ళు పెడన నుంచి మమ్మల్ని బస్సెక్కించారు, ముందు సీట్లో గైడు జ్యోతిర్మయి గారు మైకు పట్టుకుని, మనం చూసొచ్చిన బౌద్ధుల దిబ్బ రెండు వేల ఏళ్ళ నాటిదండీ అంటుంటే, నా పక్క బల్ల మీద అద్దే సునీత చెవిలో, మన ఓనరు గారి స్టూలూ అప్పటిదే పిన్నీ అంది, నవ్వాను, నవ్వడం నాకు తేలికే, ఆ అచ్చు చూసి మొదట నవ్విందీ నేనే.

పెద్ద పక్షి, నోటి కింద సంచిలాంటి తోలు, దాని ముందు చిన్న పిల్ల, పిల్ల మెడ తల్లి నోటి దాకా వెళ్ళి అక్కడ ఆగిపోతుంది, అంతే, తల లేదు, దుప్పటి నిండా అద్దితే వరసగా తల లేని పిల్లలే, కొనేవాళ్ళు అపశకునమని సరుకు తిప్పి పంపారు, ఆ రోజు నుంచి షెడ్డులో ఆయన పేరు తల మర్చిపోయిన ధనరాజు, పెళ్ళానికే నవ్వొస్తే పరాయివాళ్ళని ఏమనుకోను, కైకలూరు అవతల కొల్లేటి లంకలో పుట్టిన మనిషి, మాటలు తక్కువ, తల లోపలుందే అన్నాడు, లోపలుంటే ఎవరికి కనపడుద్ది మావా, అద్దితే కనపడొద్దూ అన్నాను, ఒకసారి మా ఊరు రా కొండా, చూపిస్తా అన్నాడు, కొంగల్ని చూడ్డానికి ఒక రోజు పని మానుకుంటామా అన్నాను, ఆ తర్వాత ఆయన మామిడి పిందెలు చెక్కాడు, తీగలు చెక్కాడు, పక్షిని మాత్రం మళ్ళీ చెక్కలేదు, ఎందుకు చెక్కలేదని నేనూ అడగలేదు.

ఆటపాక దగ్గర పడవ ఎక్కాం, నీళ్ళు చప్పుడు లేకుండా జరుగుతున్నాయి, గాలికి చేపల వాసన, ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు, గూళ్ళ నిండా తెల్లటి పక్షులు, దూరానికి కాలవ గట్టున ఆరేసిన గుడ్డల్లా ఉన్నాయి, అవి గూడకొంగలండీ, పెలికాన్లు అంటూ జ్యోతిర్మయి గారు బైనాక్యులర్ అందించారు, సునీత లాక్కుని చూసి, అమ్మో పిన్నీ, పిల్లని మింగేస్తంది అని అరిచింది, నేను తీసుకుని కంటికి పెట్టుకున్నాను, మొదట అంతా మసక, చక్రం తిప్పితే కుదిరింది, తల్లి నోరు తెరిచింది, పిల్ల తల దూర్చింది, మెడ దూర్చింది, ఇక బయట రెక్కలు కొట్టుకునే ఒళ్ళు తప్ప ఏమీ లేదు, మింగడం కాదమ్మా, తల్లి గొంతులో చేపలుంటాయి, పిల్ల తల పెట్టి తింటుంది అని గైడు గారు చెబుతున్నారు, నాకు ఆ మాటలు ఎక్కడో వినిపిస్తున్నాయి, నేను పిల్ల మెడ చూస్తున్నాను, తల్లి నోటి అంచు దగ్గర మెడ మీద మూడు ముడతలు, ఆ మూడూ అచ్చులో ఉన్నాయి, నూనె రాసినప్పుడల్లా నా బొటనవేలికి తగిలేవి, చెక్క పగిలిందేమో అనుకునేదాన్ని, ఇక చాల్లే పిన్నీ, మాకూ ఇవ్వు అంటోంది సునీత, ఇచ్చేశాను, నా చూపు మాత్రం అక్కడే ఉంది.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ముందు జ్యోతిర్మయి గారు, ఇక్కడ ఒకప్పుడు కోట ఉండేదంటారండీ అన్నారు, ఏదండీ, ఏమీ కనపడదే అని సునీత చుట్టూ చూసింది, నేను చూడలేదు, కుంకుమ పెట్టుకుంటూ పొయ్యి ముట్టించకుండా చూడమ్మా అని మొక్కుకున్నాను, ముదినేపల్లి దాటాక సునీత ఫోన్ అడిగి బంగార్రాజు గారికి చేశాను, ఏంటి కొండమ్మా, బస్సు చెడిపోయిందా, లేదండీ, ఆ పక్షి అచ్చు పొయ్యిలో పెట్టకండి, నువ్వేగా పెట్టేయమన్నావ్, తెలీక అన్నానండీ, దానికి తల ఉంది, ఎక్కడుందీ అన్నారు, లోపలుందండీ అన్నాను, అది మా ఆయన మాట, ఆయన అన్నట్టే మెల్లిగా వచ్చింది, అవతల బంగార్రాజు గారు పగలబడి నవ్వారు, సర్లే, తీసి పక్కన పెడతాలే, రేపొచ్చి ఆ తలేదో చూపించు అన్నారు, కోపం రాలేదు, చూపిస్తానండీ అన్నాను, ఫోన్ సునీతకిచ్చి కిటికీకి ఆనుకున్నాను, చెరువుల మీద ఎండ వాలుతోంది, అంతమంది నవ్వితే మా ఆయన ఎందుకు ఊరుకున్నాడో ఇన్నాళ్ళూ తెలియలేదు, తల మర్చిపోయాడు కాబట్టి సిగ్గుపడ్డాడనుకున్నాను, కాదు, ఆయన కళ్ళారా చూసినవాడు, ఒక్క మనిషిని తీసుకెళ్ళి చూపిస్తే చాలనుకున్నాడు, ఆ ఒక్క మనిషీ నేనే.