మినెతో జుట్టు

కుంచె మొనను పెదవుల మధ్య తడిపి, సిరాలో ముంచి, నెగిషి తకుజి ఆ రోజు మొదటి నీడను నింపాడు. పరుగెత్తే కుర్రాడి బూటు కింద నీడ అది. సిరా అంచు దాటలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఎన్నడూ దాటలేదు.

బొమ్మల కథలు గీసే మురోజుమి గారి ఇంటి మేడ మీద అతని పని అదొక్కటే. గురువుగారు బొమ్మ గీసి, నల్లగా ఉండాల్సిన చోటల్లా పెన్సిలుతో చిన్న ఇంటూ మార్కు పెడతారు. మార్కున్న చోట నెగిషి నలుపు నింపుతాడు. సిరా ఆరాక పెన్సిలు గీతలు చెరపడం రెండో సహాయకురాలు ఇనామి వంతు. గురువుగారు రబ్బరు ముట్టుకోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. "గీయడం నాది, చెరపడం మీది" అనేవారు.

నెగిషిది వంగిన వీపు. కుడి చిటికెనవేలి పక్కన సబ్బుకు లొంగని మరక. పెళ్లి లేదు. స్టేషను వెనక ఒక్క గది అద్దె. మినెతో అనే రిలే పరుగుల కుర్రాడి బొమ్మల కథను దేశమంతా చదివింది. దాన్ని యానిమే బొమ్మల సినిమాగా తీసినప్పుడు, చివర్లో పాకే పేర్లలో అతని పేరు కోసం ఇనామి కళ్లు చించుకుని వెతికింది. అతను మాత్రం రైలు టైమైందని అప్పటికే లేచిపోయాడు.

వారపత్రికలో ఈ వారంతో కథ అయిపోతుంది. ఆసుపత్రి మంచం మీదే గురువుగారు గీసిన చివరి పేజీలను ఆయన భార్య చిజురు పొద్దున తెచ్చి ఇచ్చి, వెంటనే వెనక్కి వెళ్లింది.

"చివరి రోజైనా కాస్త నవ్వండి నెగిషి గారూ. మీ మొహం మీద కూడా ఎవరో ఇంటూ పెట్టినట్టుంది," అంది ఇనామి.

"నవ్వితే చెయ్యి కదులుతుంది. నువ్వు రబ్బరు సంగతి చూడు."

ఆఖరి పేజీలో ఒకటే బొమ్మ. రోడ్డు పక్కన మినెతో వీపు తిప్పి నిలబడి, దూరం నుంచి వస్తున్న పరుగువాళ్ల కేసి చూస్తున్నాడు. నెగిషి కుంచె తనంతట తానే జుట్టు మీదికి వెళ్లింది. నింపేసింది. ఆ తర్వాతే కళ్లు మేలుకున్నాయి.

అక్కడ మార్కు లేదు.

చేతి కింద కాగితం చల్లబడినట్టు అనిపించింది. మార్కు లేని చోట నలుపు పెట్టాడు. అదీ ఆఖరి పేజీ మీద.

పేజీల కోసం కింద కాచుకున్న సంపాదకుడు తొగావా పైకొచ్చి తొంగిచూశాడు. "నల్లగానే ఉందిగా. తప్పేముంది? మినెతో జుట్టు నలుపని పసిపిల్లలకీ తెలుసు."

"మార్కు లేదండీ. లేదంటే తెల్లగా వదలమని. గురువుగారు మరిచిపోయే మనిషి కాదు."

"జ్వరంలో మరిచిపోయారు. అచ్చువాళ్లు కాచుకుని ఉన్నారు."

నెగిషి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. చిజురు ఎత్తలేదు. నెగిషి పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఏటవాలుగా పట్టుకున్నాడు. సిరా కింద సన్నటి గాడి మెరిసింది. ఇంటూ.

"చూశారా!" అన్నాడు తొగావా. "పెట్టారు. దారిలో రాసుకుని చెరిగిపోయింది. ఇచ్చెయ్యండి."

"చెరిగిందా, చెరిపారా?"

"ఆయన రబ్బరు పట్టరని మీరే కదండీ చెబుతారు!"

నెగిషి వీపు తిరిగిన మినెతోను చూశాడు. ఆ భుజాలు కాస్త వంగి ఉన్నాయి. గురువుగారి చెయ్యి వణికి వంగాయా? వంచే గీశారా? తప్పయితే దేశమంతా ఆ తప్పునే చూస్తుంది. దిద్దడానికి ఇంకో వారం లేదు.

సిరా మీద పూసే తెల్ల రంగు సీసా మూత తిప్పాడు.

"నెగిషి గారూ!" తొగావా ఒక్క అడుగు ముందుకేశాడు. "పోస్టర్ల నిండా నల్లజుట్టు కుర్రాడే!"

"తిట్లు నాకు తినిపించండి. అలవాటు లేదు కదా, రుచి చూస్తాను."

పొర మీద పొర వేశాడు. నలుపుతో పాటు గురువుగారి గీతలూ మునిగిపోయాయి. ఆరాక సన్న పాళీ తీసుకుని, నాలుగు వెంట్రుకలు గీశాడు. మినెతో మీద అతను సొంతంగా గీసిన మొదటి గీతలు అవి.

తొగావా పేజీని చేతుల్లోకి తీసుకున్నాడు. రోడ్డు పక్కన తెల్లజుట్టు మనిషి. జీవితమంతా పరిగెత్తి, ఇప్పుడు ఎదురుచూస్తున్నవాడు.

"ముసలాడయ్యాడు," అన్నాడు మెల్లగా. పేజీని కవరులో పెట్టుకుని మెట్లు దిగాడు.

అతను బూట్లు వేసుకుంటుండగానే ఫోన్ మోగింది. చిజురు. గురువుగారు భోజనాల వేళ నిద్రలోనే పోయారట. ఇనామి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నెగిషి కుంచె కడిగాడు. నీళ్లు తేటపడేదాకా కడుగుతూనే ఉన్నాడు.

సాయంత్రం గురువుగారిని ఇంటికి తెచ్చారు. కింద గదిలో అగరొత్తులు వెలిగించారు. చిజురు ఆసుపత్రి సంచిని మేడ మీదికి తెచ్చి, ఆయన బల్ల మీద వదిలి వెళ్లింది. నెగిషి ఒక్కొక్కటే తీసి సర్దాడు. కళ్లజోడు, పాళీ, అరచేతిలో దాగేంత పొట్టి పెన్సిలు.

అడుగున ఒక కొత్త రబ్బరు ఉంది. దాని ఒక్క మూల మాత్రం అరిగి, నల్లబడి ఉంది.